పరదేశ కాపురం ఉత్తరాలు: నవ్వెవరిది? ఖర్చెవరిది?

ఈమధ్య ఒక సాహిత్య సమావేశంలో యువ మిత్రుడొకరు నన్నొక ప్రశ్న అడిగారు. "విదేశాల్లో కాపురం పెట్టిన కుటుంబాల మీద సరదా ఉత్తరాలు, ముచ్చట్లు చాలా వస్తున్నాయి. చదువుతాం, నవ్వుకుంటాం, మరచిపోతాం. వీటిలో విమర్శకుడికి పనేముంది?" అన్నారు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. హాస్యమంటే కాలక్షేపమనీ, విమర్శ అంటే గంభీరమైన రచనలకే చెందినదనీ మనలో చాలామందికి ఒక అలవాటైన అభిప్రాయం ఉంది. నాకూ ఉండేది. దాన్ని సరిదిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ముందు నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను కరీంనగర్ జిల్లాలో ఒక పల్లెలో పెరిగాను. పదో తరగతి చదువుతున్నప్పుడు మా ఎదురింటి అవ్వకు ఉత్తరాలు చదివిపెట్టేవాణ్ణి, జవాబులు రాసిపెట్టేవాణ్ణి. ఆమె కొడుకు గల్ఫ్‌కు పోయాడు. అతని ఉత్తరం వచ్చిందంటే వాడకట్టులో సగం మంది అరుగు మీద చేరేవాళ్లు. అతను మంచి చమత్కారి. తాను వండిన పప్పు చూసి అక్కడి పిల్లి కూడా మొఖం తిప్పుకొని పోయిందని ఒకసారి రాశాడు. ఎండకు ఇసుక మీద రొట్టె పెడితే కాలుతుందని ఇంకోసారి రాశాడు. "బిడ్డా, ఆ పిల్లి ముచ్చట మళ్లొక్కసారి చదువు" అని అవ్వ అడిగేది. నేను చదివేవాణ్ణి. అందరం నవ్వేవాళ్లం.

నాలుగేళ్లకు అతను తిరిగొచ్చాడు. ఒక గదిలో పదహారు మంది ఉన్నారని, పాస్‌పోర్టు యజమాని పెట్టెలోనే ఉండేదని, ఐదు నెలల జీతం ఇవ్వకుండానే పంపించారని అప్పుడు తెలిసింది. "మరి పిల్లి ముచ్చట్లెందుకు రాసినవన్నా?" అని అడిగాను. "మరింకేం రాయాలె తమ్మీ? అవ్వ చదివించుకునేది నీతోని. నువ్వు చదివేది నలుగురి ముంగట. అప్పిచ్చినోడు గూడ ఆన్నే కూసుంటడాయె" అన్నాడు.

ఉత్తరం అనే ప్రక్రియ గురించి ఇంతకంటే మంచి పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఉత్తరాన్ని రాసేవాడు ఒక్కడే తయారు చేయడు. అందుకునేవాళ్లు, చదివిపెట్టేవాళ్లు, పక్కన కూర్చుని వినేవాళ్లు, వాళ్ల మధ్య ఉన్న అప్పులూ ఆశలూ అన్నీ కలిసి తయారు చేస్తాయి. అందులోని హాస్యానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఈ చూపుతో ప్రపంచ సాహిత్యంలోని కొన్ని పరదేశ ఉత్తరాలను పరిశీలిద్దాం. ముఖ్యంగా మన పాఠకులకు అంతగా పరిచయం లేని ఒక ఐరిష్ నవలను వివరిస్తాను.

ఈ ప్రక్రియకు యూరప్‌లో పెద్ద చరిత్రే ఉంది. 1721లో ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ 'పర్షియన్ లెటర్స్' అచ్చు వేశాడు. ఉజ్బెక్, రికా అనే ఇద్దరు పర్షియన్లు పారిస్‌కు వచ్చి, అక్కడి రాజునూ, మతాధికారులనూ, మర్యాదలనూ చూసి ఇంటికి ఉత్తరాలు రాస్తారు. పరాయివాడి కళ్లతో తన సమాజాన్ని తానే చూసి నవ్వడం ఆ పుస్తకంలోని ఎత్తుగడ. అయితే గమనించవలసింది మరొకటుంది. పారిస్‌లో కూర్చుని నిరంకుశత్వం గురించి అంత తెలివిగా రాసే ఉజ్బెక్, ఇస్ఫహాన్‌లోని తన అంతఃపురంలో భార్యలను కాపలా పెట్టి బంధించాడు. పుస్తకంలో చివరి ఉత్తరం అతని భార్య రొక్సానాది. విషం తాగి, నీ ఆజ్ఞకు నేనెన్నడూ లోబడలేదని ఆమె అతనికి తెలియజేస్తుంది. అంటే యాత్రికుడి చమత్కారానికి ఇంటి దగ్గర ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న సంగతి ఈ ప్రక్రియ తొలిరోజుల్లోనే బయటపడింది.

తర్వాత 1771లో స్మోలెట్ 'హంఫ్రీ క్లింకర్' రాశాడు. ఇది విదేశయాత్ర కాదు, ఒక కుటుంబం ఇంగ్లండు, స్కాట్లండు తిరగడం. కానీ ఒకే సంఘటనను కుటుంబంలో ఒక్కొక్కరూ ఒక్కోరకంగా రాయడం, పనిమనిషి విన్నిఫ్రెడ్ జెంకిన్స్ తప్పుల స్పెల్లింగులతో రాసి నవ్వు పుట్టించడం ఇందులో బలంగా స్థిరపడ్డాయి. 1818లో ఐరిష్ కవి థామస్ మూర్ 'ది ఫడ్జ్ ఫ్యామిలీ ఇన్ పారిస్' పేరుతో పద్యాల్లో ఉత్తరాలు రాశాడు. నెపోలియన్ ఓడిపోయాక పారిస్ మీద పడ్డ పర్యాటకుల మీద అది వ్యంగ్యం. కూతురు బిడ్డీ తనను వలచినవాణ్ణి మారువేషంలో ఉన్న ప్రష్యా రాజనుకుంటుంది. చివరికి అతను బట్టల కొట్టువాడని తేలుతుంది. తండ్రి ఫిల్ ఫడ్జ్ మాత్రం బ్రిటిష్ మంత్రి కాసిల్‌రేకు వేగులవాడుగా నివేదికలు పంపుతూ ఉంటాడు. 1798 ఐరిష్ తిరుగుబాటును అణచడంలోనూ, ఐర్లండును బ్రిటన్‌లో కలిపివేయడంలోనూ కాసిల్‌రే పాత్ర తెలిసినవాళ్లకు ఆ నవ్వు వెనుక ఉన్న కోపం అర్థమవుతుంది. మూర్ డబ్లిన్‌లో ఒక చిల్లర దుకాణదారు కొడుకు. సాధారణ కుటుంబం నుంచి వచ్చినవాడు పాలకుల మీదికి నవ్వును గురిపెట్టాడు.

ఇక ముఖ్యమైన పుస్తకానికి వద్దాం. చార్లెస్ లీవర్ రాసిన 'ది డాడ్ ఫ్యామిలీ అబ్రాడ్' 1852 నుంచి 1854 దాకా నెలనెలా భాగాలుగా లండన్‌లో వెలువడింది. డికెన్స్ నవలలకు బొమ్మలు వేసిన ఫిజ్ దీనికి కూడా బొమ్మలు వేశాడు. లీవర్ 1806లో డబ్లిన్‌లో పుట్టాడు. వైద్యం చదివాడు. 1832లో కలరా వ్యాపించినప్పుడు ఐర్లండు పల్లెల్లో వైద్యం చేశాడు. తర్వాత బ్రస్సెల్స్‌లో వైద్యుడిగా ఉండి, తిరిగొచ్చి ఒక డబ్లిన్ పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1845లో కుటుంబంతో సహా ఐర్లండు వదిలి యూరప్‌లో స్థిరపడ్డాడు. 1872లో ట్రియెస్ట్‌లో చనిపోయాడు. రాజకీయంగా సంప్రదాయ పక్షం మనిషి, టోరీ. ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

కథ చాలా చిన్నది. లిమెరిక్ జిల్లాలో బ్రఫ్ దగ్గర చిన్న ఎస్టేటు ఉన్న కెన్నీ డాడ్ అనే భూస్వామి భార్యనూ, కొడుకునూ, ఇద్దరు కూతుళ్లనూ, పనిమనిషినీ వెంటబెట్టుకుని యూరప్‌కు వస్తాడు. కారణం? అక్కడ చవకగా బతకవచ్చునట. ఆడపిల్లలకు నాజూకు అబ్బుతుందట, మంచి సంబంధాలు దొరుకుతాయట. బ్రస్సెల్స్, రైన్ తీరం, బాడెన్, ఇటలీ వరుసగా తిరుగుతారు. ప్రతిచోటా బిల్లులు పెరుగుతాయి, పరువు తరుగుతుంది. లార్డు నంటూ దగ్గరైన ఒకడు కుటుంబం మొత్తాన్నీ ఆకట్టుకుంటాడు. అతను మోసగాడని పాఠకుడికి ఎప్పుడో తెలుస్తుంది, వాళ్లకు మాత్రం చివరికి గాని తెలియదు.

కథంతా ఉత్తరాల్లోనే నడుస్తుంది. ఎవరు ఎవరికి రాస్తున్నారో చూడండి. తండ్రి తన ఊళ్లో ఉన్న స్నేహితుడు పర్సెల్‌కు రాస్తాడు. ఎస్టేటు లెక్కలు, డబ్బు పంపే ఏర్పాట్లు ఆ స్నేహితుడి చేతిలో ఉన్నాయి. తల్లి ఇంటి దగ్గరి హౌస్‌కీపరు మేరీ గాలహర్‌కు రాస్తుంది. పెద్దకూతురు మేరీ యాన్ తన నెచ్చెలి కిట్టీకి రాస్తుంది. కొడుకు జేమ్స్ డబ్లిన్ కాలేజీలో ఉన్న స్నేహితుడికి రాస్తాడు. చిన్నకూతురు కేరొలైన్ ఒకప్పటి తన టీచరుకు రాస్తుంది. పనిమనిషి బెట్టీ కాబ్ తమ ఊరి పాదిరీగారి ఇంట్లో ఉండే స్నేహితురాలికి రాస్తుంది.

ఇక్కడ లీవర్ శిల్పం ఏమిటంటే, ఏ ఉత్తరమూ తనంతట తాను పూర్తి నిజం కాదు. స్నేహితుడి ముందు తండ్రి తన తెలివితక్కువతనాన్ని సగం ఒప్పుకుంటాడు, ఎందుకంటే అతణ్ణి డబ్బు అడగాలి. హౌస్‌కీపరు ముందు తల్లి దర్పం తగ్గకూడదు, ఎందుకంటే ఇంటి మీద అధికారం అంతదూరం నుంచి కూడా నిలబెట్టుకోవాలి. తన పుట్టింటి మకార్తీ వంశం గొప్ప ఆమె ఎన్నడూ మరవదు. నెచ్చెలికి మేరీ యాన్ రాసేది నవలల భాష. ఒకరు ఘనవిజయంగా వర్ణించినది మరొకరి ఉత్తరంలో నవ్వులపాటుగా కనిపిస్తుంది. రచయిత మధ్యలో వచ్చి వ్యాఖ్యానించడు. రెండు ఉత్తరాలను పక్కపక్కన పెట్టి తప్పుకుంటాడు. నిజాన్ని తేల్చుకునే పని పాఠకుడిది. ఎదురింటి అవ్వ అరుగు మీద నేను నేర్చుకున్నది ఇదే. అయితే నాకు అక్కడ ఒక్క ఉత్తరమే అందింది. రెండోది మనిషి రూపంలో నాలుగేళ్లకు వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయాలి. డాడ్ కుటుంబం ఖర్చంతా ఎక్కడి నుంచి వస్తోంది?

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేద రైతుకు అదే ఏకైక ఆహారం. తర్వాతి ఏడేళ్లలో దాదాపు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చచ్చిపోయారు. ఇంకా ఎక్కువమంది దేశం విడిచిపోయారు. 1841 జనాభా లెక్కల్లో సుమారు 82 లక్షలున్న జనం 1851 నాటికి 65 లక్షల చిల్లరకు పడిపోయారు. ఆ ఏళ్లలో కూడా ఐర్లండు నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. నాలుగు పౌన్ల లోపు విలువ గల చిన్న కమతాలకు పేదల సహాయ పన్నును భూస్వామి కట్టాలి. కనుక ఆ కమతాలు లేకుండా చేయడమే అతనికి లాభం. గుడిసెలు పడగొట్టి కౌలుదార్లను వెళ్లగొట్టారు. 1847లో చేసిన చట్టం ప్రకారం పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడికి ఆ భూమి వదులుకుంటే తప్ప ప్రభుత్వ సహాయం అందదు. మరోపక్క అప్పుల్లో కూరుకున్న ఎస్టేట్లను అమ్మించడానికి 1849లో ప్రత్యేక కోర్టు పెట్టారు. కెన్నీ డాడ్ ఉత్తరాల వెనుక నీడలా ఉన్నది ఆ అప్పు భయమే.

డాడ్‌లు యూరప్‌కు బయలుదేరినట్టు లీవర్ రాసింది సరిగ్గా ఈ కాలంలోనే. పర్సెల్ డబ్బు పంపాలంటే ముందు బ్రఫ్‌లో కౌలు వసూలు కావాలి. బాడెన్‌లో కొడుకు జూదంలో పోగొట్టుకున్న ప్రతి నాణెమూ లిమెరిక్ మట్టి నుంచి వచ్చిందే. ఆ కౌలుదారు ఈ నవలలో ఉత్తరం రాయడు. ఇంత పెద్ద ఉత్తరాల పుస్తకంలో లేనిది అతని ఉత్తరమే.

అతని ఉత్తరాలు వేరే దారిలో నడిచాయి. అదే కాలంలో ఐర్లండు పల్లెలకు అమెరికా నుంచి ఉత్తరాలు వచ్చేవి. 'అమెరికన్ లెటర్' అనే మాటే వాడుకలో స్థిరపడింది. న్యూయార్కు, బోస్టను ఇళ్లలో వంటచేసే, గిన్నెలు తోమే ఐరిష్ ఆడపిల్లలు, రైలు కట్టల మీద, కాలువ తవ్వకాల్లో పనిచేసే కుర్రాళ్లు ఆ ఉత్తరాల్లో డబ్బు పెట్టి పంపేవాళ్లు. వెనకటివాళ్లను తెప్పించుకోవడానికి ముందే సొమ్ము కట్టిన ఓడ టికెట్లు కూడా పంపేవాళ్లు. 1852లో, అంటే డాడ్ కుటుంబం ఉత్తరాలు అచ్చు కావడం మొదలైన సంవత్సరంలో, ఇలా వచ్చిన సొమ్ము సుమారు 14 లక్షల పౌన్లని అప్పటి వలస కమిషనర్లు లెక్క కట్టారు. ఆ సొమ్ములో కొంత ముసలి తల్లిదండ్రుల తిండికి పోయింది, కొంత తమ్ముడి టికెట్టుకు పోయింది, కొంత తిరిగి కౌలు రూపంలో భూస్వామికే పోయింది.

పరదేశంలో ఉన్న రెండు రకాల ఐరిష్ కుటుంబాలు ఇవి. ఒకటి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటుంది. మరొకటి ఇంటికి డబ్బు పంపుతుంది. మొదటి కుటుంబం ఉత్తరాలు నవల అయ్యాయి. రెండో కుటుంబం ఉత్తరాలు చాలాకాలం పెట్టెల అడుగున ఉండి, తర్వాతి కాలంలో చరిత్రకారుల చేతికి చేరాయి. 1853 జులైలో మార్క్స్ న్యూయార్కు ట్రిబ్యూన్‌లో రాసిన వ్యాసం భారతదేశ సమస్యనూ, ఐరిష్ కౌలుదారు హక్కునూ ఒకే శీర్షిక కింద చర్చించింది. మనకు ఈ ఐరిష్ కథ పరాయిది కాదని చెప్పడానికి అది చాలు.

బెట్టీ కాబ్ ఉత్తరాల గురించి విడిగా చెప్పాలి. నవలలో పాఠకుణ్ణి బాగా నవ్వించేవి అవే. చదువు రాని పిల్ల విన్నది విన్నట్టు తప్పులతడకగా రాస్తుంది. స్మోలెట్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఈ నవ్వును నేను రెండు ముక్కలుగా విడదీస్తాను. బెట్టీ తన యజమానుల డాబును చూసి రాసిన మాటకు నవ్వితే ఆ నవ్వు పైకి, యజమానుల మీదికి పోతుంది. బెట్టీకి అక్షరక్రమం రానందుకు నవ్వితే ఆ నవ్వు కిందికి, బెట్టీ మీదికి పోతుంది. ఒకే వాక్యంలో రెండూ ఉండవచ్చు. విమర్శకుడి పని సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఆ నాటి అమెరికా పత్రికల్లో ఐరిష్ పనిమనిషిని 'బ్రిడ్జెట్' అనే పేరుతో మొరటు మనిషిగా, తెలివితక్కువదిగా చూపే బొమ్మలు, జోకులు కొల్లలు. బెట్టీ స్పెల్లింగును చూసి నవ్వడం అలవాటైన సమాజానికి బ్రిడ్జెట్ జీతం తగ్గించడం తప్పుగా తోచదు.

మన దగ్గర కూడా ఇంతే గదా! ఎన్ని నాటకాల్లో, సినిమాల్లో తెలంగాణ మాటనూ, ఉత్తరాంధ్ర మాటనూ పనివాళ్లకూ, రౌడీలకూ, విదూషకులకూ అంటగట్టి నవ్వించారు? ఆ నవ్వు ఎవరి మీదికి పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

లీవర్ మీద ఈ ఆరోపణ అతని కాలంలోనే వచ్చింది. జాతీయవాదుల పత్రిక 'ది నేషన్' 1843లోనే, అంటే ఈ నవలకు దాదాపు పదేళ్ల ముందే, అతని తొలి నవలలను తీవ్రంగా ఖండించింది. ఐరిష్ మనిషిని తాగుబోతు కోణంగిగా చేసి ఇంగ్లీషు పాఠకుడికి అమ్ముతున్నాడన్నది ఆ ఖండన సారాంశం. తొలి నవలల విషయంలో అది చాలావరకు న్యాయమే. కానీ 'డాడ్ ఫ్యామిలీ' దగ్గరకు వచ్చేసరికి అదే తీర్పును యథాతథంగా అతికించడం సరికాదని నా అభిప్రాయం. ఇందులో ప్రధానంగా నవ్వులపాలైనది రైతు కాదు, భూస్వామి కుటుంబం. తన వర్గం మీద అభిమానం ఉన్న రచయిత ఆ వర్గం నేల విడిచి సాము చేయడాన్ని, అప్పుతో దర్పం వెలగబెట్టడాన్ని, తన దేశం మీద కంటే విదేశీ హోటలు మీద మోజు పెంచుకోవడాన్ని దాచకుండా చూపాడు. బాల్జాక్ రాజకీయ అభిమానం ఒకవైపున్నా, అతని వాస్తవికత మరోవైపు నడిచిందని ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో చెప్పిన సంగతి మనకు తెలిసిందే. లీవర్ బాల్జాక్ అంతటివాడు కాడు. అయినా ఆ కొలబద్ద ఇక్కడ కొంతవరకు పనికొస్తుంది. లీవర్ హద్దు ఎక్కడంటే, డాడ్‌ల తప్పును అతను వాళ్ల వెర్రితనంగా చూశాడు. వాళ్ల బతుకు ఆధారపడిన కౌలు వ్యవస్థను తప్పుగా చూడలేదు. వాళ్లు బుద్ధి తెచ్చుకుని ఇల్లు చేరితే చాలని అతని భావన. ఇల్లు చేరితే కౌలుదారుకు ఏం ఒరుగుతుందన్న ప్రశ్న ఆ నవల వేయదు.

మన సాహిత్యానికి వస్తే, మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. అది ఉత్తరాల నవల కాదు, కుటుంబ కథ అంతకంటే కాదు. మొగల్తూరు కుర్రవాడు ఒంటరిగా సీమకు పోయిన కథ, తానే చెప్పుకున్నది. కానీ ఒక ముఖ్యమైన తేడా అందులో ఉంది. కెన్నీ డాడ్ తన మీద తాను సగమే నవ్వుకుంటాడు. పార్వతీశం పూర్తిగా నవ్వుకుంటాడు. పాలిత దేశపు మనిషి పాలకుల దేశానికి పోయి, వాళ్ల మర్యాదల ముందు తన తెల్లమొఖాన్ని దాచుకోకుండా చెప్పుకోవడంలో ఒక ధైర్యం ఉంది. అందుకే ఆ నవ్వు అవమానంగా మారలేదు.

ఆ తర్వాత అమెరికా కాపురాల ముచ్చట్లు వచ్చాయి. పనిమనిషి దొరకని ఇల్లు, మంచులో మామిడికాయ పచ్చడి, ఇంగ్లీషులో ఎదురు చెప్పే పిల్లలు, ఆరునెలలకు వచ్చి గోడలు చూస్తూ కూర్చున్న అత్తగారు — ఇవన్నీ హాస్యానికి తగిన వస్తువులే. వాటిని నేను తక్కువ చేయను. ఇంట్లో పనిమనిషి లేకపోవడం ఒక హాస్య సంఘటన అయిందంటే, ఇక్కడ ఆ పనిమనిషి చాకిరీని మనం ఎంత సహజమనుకున్నామో ఆ హాస్యమే బయటపెడుతుంది. రచయిత్రి అది గ్రహించి రాస్తే ఆ ముచ్చట వెయ్యి గంభీర వ్యాసాల పెట్టు. గ్రహించకుండా రాసినా, గ్రహించి చదవవలసిన బాధ్యత మనది.

ఇక 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఉత్తరాలు, వాటి తర్వాత టేపు క్యాసెట్లు, ఇప్పుడు ఫోన్లు. అప్పటి ఉత్తరాలు ఎన్ని ఇళ్లలో మిగిలి ఉన్నాయో! చెదలు తిన్నవి కొన్ని, పొయ్యిలోకి పోయినవి కొన్ని. ఐర్లండు చరిత్రకారులు తమ అమెరికన్ లెటర్లను ఏరి భద్రపరచినట్టు మనం వీటిని ఏరుకోవలసి ఉంది. వాటిలో ఏడుపు మాత్రమే వెతికితే మనకు సగమే దొరుకుతుంది. వాటిలో హాస్యం ఉంది. ఆ హాస్యం తల్లి గుండె చెదరకుండా కాపాడింది, అప్పిచ్చినవాడి ముందు ఇంటి పరువు నిలబెట్టింది, రాస్తున్నవాణ్ణి కూడా ఆ పూటకు మనిషిగా నిలబెట్టింది.

యువ మిత్రుడి ప్రశ్నకు నా జవాబు ఇది. పరదేశం నుంచి వచ్చిన నవ్వించే ఉత్తరం చేతికి వచ్చినప్పుడు ముందు హాయిగా నవ్వండి. ఆ తర్వాత మూడు సంగతులు విచారించండి: ఇది ఎవరికి రాసింది? నవ్వు ఎవరి మీదికి పోతోంది? ఈ కాపురానికి డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది? డాడ్ కుటుంబం ఉత్తరాలకైనా, పిల్లి ముచ్చటకైనా ఈ మూడు ప్రశ్నలూ వర్తిస్తాయి.

అవ్వ ఇప్పుడు లేదు. కొడుకు తిరిగొచ్చాక కూడా ఆమె ఆ పిల్లి ముచ్చట నాతో చెప్పించుకుని నవ్వేది. అసలు సంగతి అతను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమెకు తెలియదని మాత్రం ఈ రోజుకీ నేను నమ్మలేను.